260 అక్షరాల్లో పట్టని పేర్లు

మా బీరువాలో ఇంటి కాగితాల పక్కన ఒక ఖాతా పుస్తకం ఉంటుంది. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగ్గా, కిరాణా కొట్టువాళ్ళు అప్పులు రాసుకునే రకం. అందులో అప్పులు లేవు. 1 నుంచి 212 వరకు అంకెలు. ప్రతి అంకె ఎదురుగా ఒక పాట, పాడినావిడ పేరు, పుట్టినూరు, మెట్టినూరు, ఎవరింటి అరుగు మీద కూర్చుని పాడిందో ఆ ఇంటిపేరు, సంవత్సరం. సగం రాత ఈ పాటలు పట్టుకున్న మాస్టారిది, సగం నాది. ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని ఇవన్నీ చేత్తో ఎందుకు రాశారని మా అబ్బాయి అడిగాడు. వాడికి చెప్పినదే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు మా ఊరు అందులోకి వెళ్ళింది. పక్కనే ఉన్న పాతపట్నం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా. నడిచి వెళ్ళేంత దూరంలో రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద లిపి మారుతుంది. ఇళ్ళల్లో మాట మాత్రం పెద్దగా మారదు. 1999లో నేను చేరిన డీటీపీ షాపులో ప్రతి పనికీ రెండు లిపులు కావాలి. పెళ్ళికూతురు వాళ్ళకు తెలుగు శుభలేఖ, పెళ్ళికొడుకు వాళ్ళకు ఒడియా శుభలేఖ, ఒకే బ్రోమైడ్ కాగితం మీద రెండు ముహూర్తాలు. పేజ్‌మేకర్‌లో తెలుగు అక్షరాలు పేర్చడం అక్కడే నేర్చుకున్నాను.

కంప్యూటరు మాత్రం అంతకుముందే, విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన డాస్ మీద నేర్చుకున్నాను. డాస్‌లో ఫైల్ పేరంటే 8 అక్షరాలు, చుక్క, వెనక 3 అక్షరాలు. అంతే. 1995లో విండోస్ 95 వచ్చి పొడుగు పేర్లు పెట్టుకోనిచ్చింది కానీ, పాత ప్రోగ్రాముల కోసం ప్రతి పొడుగు పేరుకూ ఒక పొట్టి పేరును లోపల తనే తయారుచేసి పెట్టేది. మొదటి 6 అక్షరాలు, ఒక అలగీత, ఒక అంకె. మా షాపులో తెలుగు పనుల ఫోల్డరుకు ఇంగ్లీషు అక్షరాల్లో పర్లాకిమిడి అని, ఒడియా పనుల ఫోల్డరుకు పర్లాఖెముండి అని పేర్లుండేవి. ఒకే ఊరు, మేము పిలిచే పేరొకటి, వాళ్ళు పిలిచే పేరొకటి. డాస్ తెరలో చూస్తే ఆ రెండూ పర్లాక్~1, పర్లాక్~2 అని కనిపించేవి. ఇంగ్లీషులో రెండు పేర్లకూ మొదటి 6 అక్షరాలు ఒకటే కదా. ఏది ముందు పుడితే దానికి ఒకటో నంబరు. మాకు ముందు పుట్టింది తెలుగు ఫోల్డరు. షాపులో ఒడియా కంపోజింగ్ చేసే అన్న అది చూసి, మా ఊరికి రెండో నంబరేమిటని చాలాసేపు బాధపడ్డాడు. నాకు అప్పుడు ఆ బాధ అర్థం కాలేదు. తర్వాత అయింది.

మాస్టారు 2004లో షాపుకొచ్చారు. ఆ జూన్‌లోనే నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే మా చిన్న రైలు ఆగిపోయింది. రైలు లేదు కాబట్టి బస్సు దిగి, షాపు వెతుక్కుంటూ, భుజాన గుడ్డ సంచీతో వచ్చారు. ఏజెన్సీ ఊళ్ళల్లో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. సంచీలో 60కి పైగా ఆడియో క్యాసెట్లు. పాతికేళ్ళుగా సెలవుల్లో ఊరూరా తిరిగి ఆడవాళ్ళ పాటలు పట్టుకున్నారు. అప్పగింతల పాటలు, మంగళహారతులు, దంపుళ్ళ పాటలు, పురిటింట పాడేవి, చావింట పాడేవి. కాశీనగర్ చుట్టుపక్కల ఊళ్ళు ఎక్కువ, గుణుపూర్ దాకా కొన్ని.

"రీలు జిగురు కడతంది నానా. కొన్ని ఇప్పటికే మూలుగుతున్నాయి. కంప్యూటర్లో పెట్టగలవా?" అన్నారు.

క్యాసెట్ ప్లేయరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు వెనకాల లైన్-ఇన్ రంధ్రానికి ఒక వైరు. అదే మా స్టూడియో. సీడీ నాణ్యతలో రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంట క్యాసెట్టుకు 600 ఎంబీ, ఒక సీడీ నిండినట్టే. షాపు మూసేశాక రాత్రి పూట చేసేవాళ్ళం. పగలు జెరాక్స్ మిషను చప్పుడు, రోడ్డు మీద హారన్లు. వైరులోంచి వచ్చేదానికి బయట చప్పుడుతో పని లేదని నాకు తెలుసు. అయినా ఆ పాటలు వినాలంటే నిశ్శబ్దం కావాలని మాస్టారు అనేవారు. నేనూ ఒప్పుకున్నాను.

పేర్ల దగ్గర మొదలైంది చిక్కు. మాస్టారికి ఫైల్ పేరంటే సంతకం లాంటిది. పాట ఏదో, ఎవరు పాడారో, ఆవిడ ఎవరి కోడలో, ఏ ఊరి ఆడపడుచో, అన్నీ పేరులోనే ఉండాలి. "గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే ఉండి సవర భాష నేర్చుకుని వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. ఎవరో ఒక సవర ఆయన దగ్గర కూర్చుని మాట మాట అడిగి రాసుకుంటేనే కదా అయింది. ఆ చెప్పినాయన్ని మనం ఎరుగుదుమా? నా పాటల్లో అలా జరగకూడదు" అన్నది ఆయన మాట. పేరు మీద అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టమనేవారు. విండోస్ ఫైల్ పేరులో ప్రశ్నార్థకం పెట్టనివ్వదు. రెండు చుక్కలూ, నక్షత్రం గుర్తూ, కొటేషన్ గుర్తూ లాంటివి మొత్తం 9 కుదరవు. అనుమానం ఉన్న పేరు వెనక "కాబోలు" అని రాయడం మొదలుపెట్టాం.

మొదట్లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. షాపులోకి కొత్తగా వచ్చిన మిషన్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. దాని సీడీ పెట్టి, రీజినల్ సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే తెలుగు వచ్చేస్తుందని తెలిసిన రోజు నాకు బాగా గుర్తు. గౌతమి ఫాంటు దానితోపాటే వచ్చేది. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డరు చేసి "అప్పగింతల పాట" అని కొట్టాను. ఇంతకుముందు మా తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు అతికించి ఉండేవి. ఫాంటు తీస్తే చెత్త అక్షరాలు. ఇది నిజం తెలుగు. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తెర మీద వేలు పెట్టి చదివారు. ఒడియాకు ఆ అదృష్టం లేదు. ఎక్స్‌పీతో ఒడియా ఫాంటు రాలేదు, ఆ అక్షరాలు కొడితే ఖాళీ డబ్బాలు కనిపించేవి. దాని తర్వాతి విండోస్ విస్టాతో కళింగ ఫాంటు వచ్చేదాకా మా ఒడియా పాటల పేర్లు కూడా తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి.

తెలుగు వచ్చాక మాస్టారి పేర్లు ఇంకా పొడుగయ్యాయి. నాకు తెలియకుండా ఇంకోటి కూడా జరిగింది. తెలుగులో మన కన్ను లెక్కపెట్టేది ఒకటి, కంప్యూటరు లెక్కపెట్టేది ఒకటి. "శ్రీ" మనకు ఒక అక్షరం. దానికి 4. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. "స్త్రీ" అంటే 6. "లక్ష్మి" మనకు 2, దానికి 7. ఖాళీతో కలిపి కంటికి 8గా కనిపించే "అప్పగింతల పాట" దానికి 13. మా ఇళ్ళల్లో సగం మంది ఆడవాళ్ళ పేర్లలో ఒక లక్ష్మి ఉంటుంది. ఒత్తులున్న ప్రతి పేరూ ఎంత చోటు తింటుందో ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

షాపులో రెండు కంప్యూటర్లు, మధ్యలో ఒక నెట్‌వర్క్ వైరు. పెద్ద మిషన్‌లో డీ డ్రైవు లోపల షాపు పనుల ఫోల్డరు, దానిలో సంవత్సరం, దానిలో మాస్టారి సేకరణ, దానిలో జిల్లా, బ్లాకు, ఊరు, ఇల్లు. చిన్న మిషను దగ్గర మాస్టారు కూర్చునేవారు. ఆయనకు అన్ని మెట్లు దిగే పని లేకుండా, ఆయన ఫోల్డరునే ఆ మిషన్‌లో ఎమ్ డ్రైవుగా పెట్టాను. అక్కడి నుంచి చూస్తే ఎమ్, వెంటనే జిల్లా. దారి, అంటే డ్రైవు నుంచి ఫైలు దాకా వచ్చే పేర్లన్నీ కలిపిన వరుస, పొట్టిగా ఉంది కాబట్టి ఆయన ఎంత పొడుగు పేరు పెట్టినా చిన్న మిషను ఒప్పుకుంది. పెద్ద మిషన్‌లో మాత్రం అదే ఫైలుకు దారి డీ నుంచి మొదలవుతుంది. మంచి చేద్దామని నేను చేసిన ఆ ఎమ్ డ్రైవు వల్లే ఫైళ్ళు హద్దు దాటిపోయాయి.

2006 ఎండాకాలంలో అది బయటపడింది. మాస్టారు పింఛను డబ్బుతో ఒక బయటి హార్డ్ డిస్క్ కొన్నారు. సేకరణ మొత్తం దాన్లోకి కాపీ పెట్టి, రాత్రి షాపు మూసి ఇంటికెళ్ళాను. పొద్దున్న వచ్చి చూస్తే తెర మీద ఒక చిన్న పెట్టె. ఫైల్ పేరు చెల్లదు, లేదా మరీ పొడవుగా ఉంది, వేరే పేరు ఇవ్వండి అని. ఎక్స్‌పీలో కాపీ మధ్యలో ఒక్క ఫైలు మొరాయిస్తే మిగిలినవన్నీ అక్కడితో ఆగిపోతాయి. ఆ ఒక్కటి వదిలేసి ముందుకు పోవడం దానికి తెలీదు. రాత్రంతా కాపీ అయింది 19 పాటలు. మొరాయించిన ఫైలు మీద నొక్కాను. పేరు కళ్ళెదుట కనిపిస్తోంది, ప్లేయరేమో అలాంటి ఫైలే లేదంటోంది. పేరు మారుద్దామంటే మార్చనివ్వదు. నాకు చెమటలు పట్టేశాయి. క్యాసెట్లలో కొన్ని అప్పటికే తెగిపోయి ఉన్నాయి, రెండోసారి ఎక్కించే వీలు లేదు.

ఆ టెన్షన్‌లో మూడు రోజులు నెట్ సెంటర్లో కూర్చుని చదివాక సంగతి తెలిసింది. విండోస్‌లో ఫైలు పూర్తి దారి 260 అక్షరాలకు మించకూడదు. డ్రైవు అక్షరం, రెండు చుక్కలు, వెనక్కి వాలిన గీత కలిపి 3. లోపలి దారికి 256. అంతా అయిపోయిందని చెప్పే కనిపించని గుర్తు ఒకటి. ఫోల్డరు చేయాలంటే హద్దు ఇంకా తక్కువ. దాని లోపల కనీసం ఒక డాస్ పేరు పట్టాలి కాబట్టి 8, చుక్క, 3 కలిపి 12 అక్షరాల చోటు ముందే తీసి పక్కన పెడతారు. మిగిలేది 248. డాస్ పోయిందనుకుంటాం కానీ దాని కొలత ఆ లెక్కలో అలాగే ఉంది. నాకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి మరొకటి. డిస్కు మీద రాసే పద్ధతికి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు, ఈ హద్దు లేదు. అది 32,767 అక్షరాల దారి దాకా మోయగలదు. పాటలు డిస్కు మీద భద్రంగానే ఉన్నాయి. వాటి దాకా వెళ్ళి తలుపు తీసే ప్రోగ్రాములకే చేయి అందడం లేదు.

చేయి అందేలా చేసే దారులు ఒక్కొక్కటే నేర్చుకున్నాను. అన్నిటికంటే తేలికైంది పై ఫోల్డర్ల పేర్లు కుదించడం. కింది ఫైలును ముట్టుకోనివ్వకపోయినా, పైన ఉన్న "షాపు పనులు"ను "ష" అని మారిస్తే కింద ఉన్నవన్నీ అంతమేర పైకి తేలతాయి. రెండోది సబ్‌స్ట్ అనే పాత డాస్ ఆదేశం. లోతున ఉన్న ఫోల్డరుకు ఎక్స్ అని ఒక ఉత్తుత్తి డ్రైవు అక్షరం అంటిస్తుంది. అక్కణ్ణుంచి దారి మళ్ళీ సున్నా నుంచి లెక్క. కంప్యూటరు ఆపి వేస్తే అది పోతుంది. అందుకని ఆ ఆదేశాన్నే ఒక్క వరుస బ్యాచ్ ఫైలుగా రాసి, కంప్యూటరు వేయగానే అదే నడిచేలా స్టార్టప్‌లో పెట్టుకున్నాను. ఆ ఎక్స్ డ్రైవులోంచి 212 పాటలూ ఒక్కొక్కటే బయటకు తీశాను. రెండు వారాలు పట్టింది. ఒక్కటి కూడా పోలేదు.

పాటలు పోలేదు. పేర్ల సంగతే వేరు. మళ్ళీ ఈ గొడవ రాకుండా ఫైళ్ళకు 001, 002 అని అంకెలు పెడదామన్నాను. సీడీలకు రాసేటప్పుడు కూడా ఒక్కో పేరు 64 అక్షరాలు దాటితే తోక తెగిపోతోంది, అంకెలైతే ఎక్కడైనా పడతాయి. మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "జైల్లో వాళ్ళకు పెడతారు నానా నంబర్లు" అన్నారు. కోపంగా అనలేదు. అలా అన్నందుకే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

ఆయన్ని ఒప్పించడానికి ఒక ఉపాయం చెప్పాను. ఫైలు పేరు అంకె. దాని పక్కనే "వివరాలు" అని ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. పేరుకు హద్దుంది కానీ ఫైలు లోపల రాసుకునే దానికి లేదు. ఎవరి కోడలు, ఎవరి ఆడపడుచు, ఎన్ని పేజీలైనా రాయొచ్చు, ప్రశ్నార్థకం కూడా పెట్టుకోవచ్చు. మాస్టారి ముఖం తేటపడింది. ఆయన చదువుతూ ఉంటే నేను కొట్టుకుంటూ పోయాను. ఒక్క రాత్రిలో 40 పాటల వివరాలు. సేవ్ చేసేటప్పుడు ప్రతిసారీ ఏదో పెట్టె వచ్చేది, నిద్రమత్తులో ఓకే కొట్టేవాణ్ణి. ఆ పెట్టెలో ఉన్నదేమిటంటే, ఈ ఫైలులో యూనికోడ్ అక్షరాలున్నాయి, ఇలాగే సేవ్ చేస్తే అవి పోతాయి అని. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ చోటున్న పద్ధతి. ఎక్స్‌పీ నోట్‌ప్యాడ్ మనం చెప్పకపోతే ఆన్సీ అనే పాత పద్ధతిలో దాస్తుంది. అందులో తెలుగుకు చోటు లేదు. కింద ఎన్‌కోడింగ్ అన్నచోట యూనికోడ్ ఎంచుకోవాలి. అది నేను చూడలేదు.

మర్నాడు తెరిస్తే ఫైలు నిండా ప్రశ్నార్థకాలు. అక్షరానికొకటి. పేరులో ఒక్కటి పెట్టుకుంటానంటే ఒప్పుకోని గుర్తు, పేర్లన్నీ తినేసి వరుసలు కట్టి కూర్చుంది. పాత పొడుగు పేర్లు అప్పటికే తీసేశాను. మాస్టారు చదివిన వివరాల్లో కొన్ని క్యాసెట్ అట్టల మీద ఉన్నాయి, కొన్ని ఆయన జ్ఞాపకంలో ఉన్నాయి. కొన్ని ఎక్కడా లేవు. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం బజారుకెళ్ళి ఆ ఎర్ర అట్ట ఖాతా పుస్తకం కొనుక్కొచ్చారు. గీతలు గీసి, మొదటి పేజీలో శ్రీరామ చుట్టి, ఒకటో నంబరు వేశారు.

40లో 26 పేర్లు ఆయన వెంటనే రాసేశారు. మిగిలిన 14 పాటలు ఎమ్‌పీ3లుగా మార్చి ఒక సీడీలో వేసుకుని, ఒక బ్యాటరీ ప్లేయరు పట్టుకుని, ప్రతి ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. అంతకుముందు నాకు పాటలంటే ఫైళ్ళే. ఒక ఊళ్ళో రచ్చబండ దగ్గర దంపుళ్ళ పాట పెట్టాం. వరి కుప్ప దగ్గర పని చేస్తున్న ముసలామె చేట కింద పెట్టి వచ్చి, "ఇది మా అత్త గొంతు" అంది. ఆ అత్త చనిపోయి 11 ఏళ్ళయిందట. మళ్ళీ పెట్టమంది. ఆరుసార్లు పెట్టాను. ప్లేయరు బ్యాటరీలు అయిపోతే ఊళ్ళో పిల్లలు టార్చిలైట్లలోవి తీసి ఇచ్చారు. ఆవిడ చెప్పిన పేరు, ఇంటిపేరు, పుట్టింటి ఊరు ఖాతా పుస్తకంలో నా చేతిరాతలో ఉన్నాయి. 57వ నంబరు. ఒత్తులన్నీ జాగ్రత్తగా, పొల్లులన్నీ ఉన్నచోట ఉన్నట్టు రాశాను. కాగితం మీద ఎవరూ లెక్కపెట్టరు కదా.

ఇంకో ఊళ్ళో పాడినావిడే ఎదురొచ్చింది. తన గొంతు తను గుర్తుపట్టలేదు. "ఎవలమ్మా ఇంత చక్కగా పాడతంది?" అని అడిగింది. మాస్టారు ఆవిడ చేయి పట్టుకుని ఏడ్చేశారు.

అలా 13 దొరికాయి.

మాస్టారు 2013లో పోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అప్పటికి నేను షాపు మానేసి చాలా కాలమైంది. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607లో ఆ 260 హద్దు తీసేసుకునే వీలు ఇచ్చారు. సెట్టింగు మనమే మార్చుకోవాలి, ప్రోగ్రాము కూడా దానికి తగ్గట్టు తయారై ఉండాలి, అన్నిట్లో పనిచేయదు. అయినా నేను ఆ రోజే మార్చుకున్నాను. ఇప్పుడు పొద్దుపోయాక ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని ఫైళ్ళకు అసలు పేర్లు తిరిగి పెడుతున్నాను. మాస్టారు పెట్టిన వరుసలోనే. పాట, పాడినావిడ, ఎవరి కోడలు, ఎవరి ఆడపడుచు. అంకెను కూడా ముందు ఉంచాను, పుస్తకంతో సరిచూసుకోవడానికి. ఒడియా పాటల పేర్లు ఇప్పుడు ఒడియాలోనే పెడుతున్నాను. నాకు రాని చోట ఆనాటి కంపోజింగ్ అన్నకు ఫోన్ చేస్తే చెబుతున్నాడు.

118వ నంబరు ఎదురుగా పుస్తకంలో పాట పేరు ఒక్కటే ఉంది, అప్పగింతల పాట అని. మిగిలిన గళ్ళన్నీ ఖాళీ. క్యాసెట్ అట్ట మీద "కాశీనగర్ దగ్గర" అని మాత్రం ఉంది. 4 నిమిషాల 20 సెకన్లు. గొంతు నడివయసుది, కొంచెం జీర. రెండో చరణం దగ్గర దూరంగా చిన్న రైలు కూత వినిపిస్తుంది, అంటే ఇల్లు లైనుకు దగ్గరే అయ్యుండాలి. ఆ కూత అయ్యాక ఆవిడ పాట ఆపి, "ఒలే గుంటా, తలుపు గడియ ఎయ్యి, కోళ్ళొచ్చేస్తన్నాయి" అని ఎవరో పిల్లను కేకేసి, ఆపినచోటి నుంచే మళ్ళీ అందుకుంటుంది. గడియ పడిన చప్పుడు కూడా ఉంది. ఆ పిల్లకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. కాశీనగర్ వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే, మీ ఇంట్లో అమ్మనో అత్తనో మేనత్తనో ఎప్పుడైనా ఒక పంతులుగారు టేప్ రికార్డరు పట్టుకొచ్చి పాడించారేమో అడగండి. ఆ 4 నిమిషాలూ పంపిస్తాను, విని చెప్పండి.